స్వయముగా చదువుకొనుట ఎట్లు?
(గుడియాత్తములో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



స్వయంవిద్యను గురించియు లోకజ్ఞానమును గురించియు నాలుగు మాటలు చెప్పుమని అధ్యక్షులు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. ఇచ్చట నున్నవారిలో అనేకుల స్థితియు ఇదియే గనుక, అట్టివారు చేయదగిన దానినే చెప్పెదము.

ఈ మాట ఎత్తగానే, "ఈ వయస్సున చదివి ఏ కలెక్టరు ఉద్యోగము చేయవలె నన్నా?" అని మన తమ్ముళ్లు నవ్వుదురు. ఉద్యోగము మాట అటుండనిండు. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజుగారు ఆ యేటనే ఈ గుడియాత్తము ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు పోయిరి. వారు ఏ కళాశాలలో చదివిరి? పసితనముననే బడి మానినవారు. వారి తరువాతి చదువంతయు స్వయముగా సంపాదించినదే. చెరసాలలో గడిపిన కాలమును గూడ వారు చదువునకు వినియోగించిరి.

మన స్త్రీలకు మరియొక దృష్టాంతము చెప్పవలెను. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. పదియవ యేట పెండ్లి. బడి ముఖము చూడలేదు. కాపురము నాగపురము ప్రాంతమున, చుట్టును మరాఠీ, హిందీ మాటలు. మనవలెనే పొరుగు భాషల నడుమ బ్రతికిన తెలుగు ఇల్లాలు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆతనితో కూర్చుండి అక్షరములు నేర్చిరి. ఆ అక్షరములతోనే "అబలా సచ్చరిత్ర రత్నమాల" వ్రాసిరి. 1902లో కథ వ్రాసిరి. 1905లో, ముప్పది యేండ్లకే గతించిరి. తమ్ముడు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ఒకరై, పిమ్మట తెలుగున విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. ఆ యింట చదువు ఒక్కరి సొత్తుగా నుండలేదు.

ఇక ఎచ్చట మొదలిడవలెను? లావు పుస్తకము కొని మూడవ పుటలో నిద్రపోవుట మన అలవాటు. అట్లు గాక, చేతిలోనున్న వస్తువుతో మొదలిడుడు. ఈ ఊరు లుంగీలకు పేరుపొందినది. నలుబదవ నంబరు నూలు అని దినమును పలుకుదుము. ఆ నలుబది యేమి? 840 గజముల చిలపలు నలుబది కలిసి ఒక పౌను తూగిన యెడల అది నలుబదవ నంబరు. లెక్క వేయుడు: 33,600 గజములు, అనగా ముప్పది కిలోమీటర్లకు పైన. ఒక్క పౌను నూలు పరచినచో ఇంచుమించు ఇచ్చటినుండి వేలూరు చేరును! అగ్గిపెట్టెయు ఈ ఊరి సరకే. పుల్ల పెట్టె ప్రక్కనే గీచిన గాని ఏల వెలుగదు? ఎఱ్ఱ భాస్వరము పెట్టె ప్రక్కన నున్నది, పొటాసియం క్లోరేటు పుల్ల తలలో నున్నది, రెండును రాచుకొనవలెను. ఒక ప్రశ్న రసాయనశాస్త్రమునకు, ఒకటి గణితమునకు దారి తీసెను. ఖర్చు లేదు.

వేలూరు కోట యెదుట నెన్ని పర్యాయములు పోయి వచ్చుచున్నాము? ఆరవీటి వేంకటపతిరాయలు పదునేడవ శతాబ్ది ఆరంభమున చంద్రగిరినుండి రాజధానిని ఇచ్చటికి మార్చెనని మన పిల్లలలో నెందరికి తెలియును? 1806 జూలై 10వ తేదీన సిపాయిలు తిరుగబడుటకు కొత్త తలపాగాయు, నొసటి గుర్తుల నిషేధమును కారణములలోనివని తెలిసినచో, ఆ గోడలు మాటాడును.

పుస్తకములు లేవని మాత్రము అనకుడు. 1948 నాటి గ్రంథాలయ చట్టము వలన మనము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును గూడ చెల్లించుచున్నాము. వెల యిచ్చిన సరకును అంగడిలోనే వదలి వచ్చు వర్తకుని ఎక్కడనైన చూచితిరా? తమిళమున 1954 మొదలు 1968 వరకు పది సంపుటములుగా వెలువడిన కలైక్కళంజియము గలదు. తమిళమే చక్కగా చదువగలవారు దానినే చదువుడు; ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. చేతి ఫోనులో తెలుగు వికీపీడియా 2003 నుండి గలదు. అయితే ఫోనులో వచ్చిన ప్రతి మాటయు నిజము కాదు. సరకు చూడక బిల్లుపై సంతకము చేయుదుమా? రెండవ చోట సరిచూచిన తరువాతనే నోటుపుస్తకమున వ్రాసికొనవలెను.

ఇప్పుడు మా మనస్సున నున్న అసలు మాట. మన యిండ్ల పెట్టెలలో తాతల నాటి తెలుగు దస్తావేజులు, ఖాతా పుస్తకములు గలవు. చదువువారు తగ్గిపోవుచున్నారు. 2006 నాటి చట్టము ననుసరించి బడిలో పిల్లలకు తమిళము తప్పనిసరి. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగు అక్షరములు బడి నేర్పునని కూర్చున్నచో ఆ పెట్టెలను తూకమునకు అమ్ముకొనవలసి వచ్చును. మాట మనకు వచ్చును, లిపియే కొరత. తమిళమున ఒక్క క యున్నచోట మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు. ఆ భేదమును పట్టుకొన్నవారికి తక్కినది అభ్యాసమే. మధ్యాహ్నము మూడు మొదలు నాలుగు వరకు బేరము పలుచగా నుండును; ఆ గంట చాలును.

రాగల ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు ఇచ్చటనే కూడుదము. ప్రతివారును ఒక ప్రశ్నను, ఇంట పాత తెలుగు కాగిత మున్నచో దానిని తీసికొనిరండు. కోడండ్రను, కూతుండ్రను వెంటబెట్టుకొనిరండు. పాత వ్రాత చదువగల పెద్ద లిరువురు వచ్చుటకు అంగీకరించిరి. పలకలును బలపములును మేము తెచ్చెదము.