అంబెలాకియా: ఒక గ్రీకు కొండపల్లె ఉమ్మడి వర్తకము



గ్రీసు దేశమునందలి ఒక కొండపల్లెను గూర్చి నేడు మీకు నాలుగు మాటలు చెప్పదలచితిమి. అంత దూరపు ఊరితో మనకేమి పని యని కొందరు అనుకొనవచ్చును. ఊరివారందరు కలసి వాటాలు వేసికొని, దూరదేశములలో సరకు అమ్మి, ధనమార్జించి, పిదప తమలో తాము కలహించి చెడిన ఊరు అది. సంఘముల లెక్కలు చూచు మీకు ఆ కథ వినదగినదని మా యభిప్రాయము.

ఊరి పేరు అంబెలాకియా. గ్రీకు భాషలో చిన్న ద్రాక్షతోటలని యర్థము. థెస్సలీ మండలమున లారిసా పట్టణమునకు ఈశాన్యముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. ఒకవైపు ఒలింపస్, మరియొకవైపు ఒస్సా పర్వతము. ఈ రెంటి నడుమ పినియోస్ నది టెంపీ అను ఇరుకు లోయగుండ సాగి సముద్రమును చేరుచున్నది. ఆ లోయకు ఎగువన, ఒస్సా వాలుమీద ఇండ్లు అంచెలంచెలుగా నిలిచి యుండును.

దిగువ మైదానము మంచి పంటభూమి. అది విడిచి జనులు కొండ నేల కెక్కిరి? ఆ సీమ 1881 వరకు తుర్కీ సుల్తానుల యేలుబడిలో నుండెను. మైదానపు భూములు పెద్ద భూస్వాముల వశము. కొండపల్లెలు మాత్రము పన్ను చెల్లించి, తమ వ్యవహారములను చాలవరకు తమ పెద్దలచేతనే నడుపుకొనుచుండెను. అయితే కొండ నేల అందరి కడుపు నింపదు. అందుచే ఆ ఊరివారు నూలుకు ఎరుపు రంగు వేయు పనిని పట్టిరి.

ఆ రంగు మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన యొక మొక్క వేరునుండి వచ్చును. వేరు బాగుగా ముదురుటకు మూడేండ్లు పట్టును. నూలును నూనెలో, క్షారజలములో, గొఱ్ఱెల పేడ కలిపిన నీటిలో పలుమారులు నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి, పటికతో పదును చేసి, తుదకు వేరు కషాయములో ఉడికింతురు. వారముల తరబడి పని. అట్టి ఎరుపు ఎన్ని ఉతుకులకైనను వదలదు. మన చీరాల నేతగాండ్రు తేలియా రుమాళ్లకు నూలును నూనెతో, బూడిదతో పదును చేయుట యెరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. అంబెలాకియాలో పురుషులు రంగు వేయగా, స్త్రీలు ప్రత్తిని సిద్ధపరచి నూలు వడికెడివారు. పిల్లలకు సైతము పని యుండెను.

1778 ప్రాంతమున ఊరివారు ఉమ్మడి సంఘమును స్థాపించిరి. దానిని గూర్చి సలోనికాలో ఫ్రెంచి కాన్సలుగా నుండిన ఫెలిక్స్ బోజూర్ 1800లో వ్రాసెను. 24 రంగు కార్ఖానాలు. ఏటికి 2,500 బేళ్ల నూలు. బేలు ఒక్కింటికి నూరు ఓకాలు, ఓకా మన కిలోకు పావుకిలో మించును. అనగా మొత్తము మూడు లక్షల కిలోలకు పైమాటే. ఆ నూలు వియన్నా, లైప్సిగ్ మొదలైన నగరములకు పోయెడిది. వియన్నాలో సంఘమునకు స్వంత కార్యస్థానమే యుండెను.

మా దృష్టిలో ముఖ్యమైనది వాటాల నిబంధన. ఒక వాటాదారు పెట్టుబడికి 20,000 పియాస్త్రులు పైహద్దు. ఎంత ధనవంతుడైనను అంతకు మించి పెట్టరాదు. పెద్ద చేపలు చిన్న చేపలను మ్రింగకుండుటకే ఈ యేర్పాటు. కూలివారు కొందరు కలసి తమ చిన్న మొత్తములను ఒకటిగా జేర్చి వాటా పొందెడివారు. లాభమునుండి బీదల సహాయమునకు, పాఠశాలకు ధనము తీసెడివారు.

సంఘ ప్రముఖులలో నొకని యిల్లు నేటికిని నిలిచి యున్నది. 1787లో ప్రారంభమై 1798లో పూర్తియైనది. అతని యింటిపేరు మావ్రోస్. వియన్నాలో దానినే ష్వార్ట్స్ అనిరి. రెంటికిని నలుపని యర్థము. ఎరుపు అమ్మి ధనికుడైనవానికి నలుపు పేరు! క్రింది అంతస్తున రాతిగోడల కార్యాలయము, ధనము దాచు గది. మేడమీద ముందుకు పొడుచుకువచ్చిన గదులు, గోడలనిండ రంగుల చిత్రములు. ఇప్పుడది వస్తుప్రదర్శనశాల.

ఇక పతనము. 1833లో గ్రంథము ప్రకటించిన డేవిడ్ అర్కర్ట్ చెప్పినదానినిబట్టి, సంఘ నియమ మొకటి అతిక్రమింపబడగా ఊరు రెండు పక్షములాయెను. వ్యాజ్యములు కాన్‌స్టాంటినోపిలుకు, సలోనికాకు, వియన్నాకు నడచెను. సాక్షులను దేశదేశములు త్రిప్పిరి. తీర్పు కోరుట, వచ్చిన తీర్పును త్రోసిపుచ్చుట. ఇట్లు ఏండ్లు గడచెను, ధనమంతయు కరగెను. సంఘము ముక్కలుముక్కలుగా చీలెను. ఆ దుర్దశలోనే 1811లో ఆస్ట్రియా ప్రభుత్వము దివాలా తీసి, కాగితపు ద్రవ్యము విలువ అయిదవ వంతునకు తగ్గించెను. పైగా ఇంగ్లండు యంత్రముల నూలు చౌకగా బజారుల కెక్కెను. యంత్రములతో ఏ గ్రామము పోటీపడగలదని కొందరందురు. నిజమే, కాని ఆ దెబ్బ తగులునాటికి ఊరిలో కలసి ఆలోచించుటకు సంఘమన్నది మిగిలియుండలేదు. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు ఆ రంగును కృత్రిమముగ తయారుచేసిన పిదప వేళ్లకే గిరాకి పోయెను.

నేడు అంబెలాకియాలో కొన్ని వందల మంది మాత్రమే నివసించుచున్నారు. రాళ్లు పరచిన వీధులు, ద్రాక్షతోటలు, కాఫీ అంగడి ముందు కూర్చుండు వృద్ధులు, సెలవుదినములలో వచ్చు యాత్రికులు. 2011లో చుట్టుప్రక్కల పురపాలకములను కలిపివేయగా ఊరు టెంపీ పురపాలకములో చేరినది. ప్రధాన కార్యాలయము మైదానమందలి మాక్రిఖోరిలో నున్నది. 1980 దశాబ్దమున ఆ ఊరి స్త్రీలు తామే యొక సహకార సంఘము నేర్పరచుకొని, యాత్రికులకు గదులు అద్దెకిచ్చుట, ఊరి వంటకములు వండి పెట్టుట ప్రారంభించిరి.