విద్యార్థి అభిప్రాయంతో బోధన మెరుగుపడేదెలా?



సెమిస్టర్ చివర మీ చేతికి ఒక ఫారం వస్తుంది. పాఠం బాగా చెప్పారా, సమయానికి తరగతికి వచ్చారా అన్న ప్రశ్నలుంటాయి. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న అంకెల్లో ఒకదానికి సున్నా చుట్టి ఇచ్చేస్తారు. తర్వాత ఆ ఫారం ఏమయిందో మీకు తెలియదు. విద్యార్థుల అభిప్రాయం విశ్వవిద్యాలయ విభాగంలో బోధనను నిజంగా ఎప్పుడు మారుస్తుంది? ఈనాటి ప్రసంగంలో ఈ విషయం తెలుసుకుందాం.

మన దేశంలో ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేయడానికి యూజీసీ 1994లో న్యాక్ సంస్థను నెలకొల్పింది. 2017లో సవరించిన మదింపు విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వేను కూడా న్యాక్ చేర్చింది. దీనివల్ల అభిప్రాయ సేకరణ విస్తరించింది. అయితే ఫైలు కోసం సేకరించిన అభిప్రాయం ఫైలులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది.

మరొక చిక్కు కూడా ఉంది. పాఠం నచ్చడం వేరు, అర్థం కావడం వేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్‌కు విద్యార్థులు మంచి మార్కులే ఇచ్చేవారు. పరీక్షల్లో కష్టమైన లెక్కలూ చేసేవారు. 1990 ప్రాంతంలో ఆయన లెక్కలు లేకుండా, న్యూటన్ సూత్రాలపై మామూలు మాటల్లో ప్రశ్నలు అడిగారు. బరువైన లారీ, తేలికైన కారు ఢీకొంటే ఏది ఎక్కువ బలం ప్రయోగిస్తుంది అన్నది అలాంటి ప్రశ్నే. రెండు బలాలూ సమానం. ఇటువంటి ప్రశ్నల దగ్గర చాలామంది తడబడ్డారు. మీరు చెప్పినట్లు రాయాలా, నేను అనుకునేట్లు రాయాలా అని ఒక విద్యార్థి అడగడం ఆయనను ఆలోచింపజేసింది. ఆ తర్వాత ఆయన ఉపన్యాసం తగ్గించారు. ప్రశ్న ఇచ్చి, ముందు ఒంటరిగా ఆలోచించమని, తర్వాత పక్కవారితో చర్చించమని చెప్పే పద్ధతి మొదలుపెట్టారు.

కాబట్టి "అధ్యాపకుడు ఎలా ఉన్నారు?" అని అడగడంకన్నా "మీరు ఎక్కడ ఆగిపోయారు?" అని అడగడం మేలు. ఇందుకు ఒక తేలికైన పద్ధతి ఉంది. తరగతి చివరి నిమిషాల్లో చిన్న కాగితంపై, పేరు లేకుండా, రెండు జవాబులు రాయాలి. ఈరోజు నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఏమిటి? ఇంకా అర్థం కానిది ఏమిటి?

ఒక ఉదాహరణ చూద్దాం. గణాంకశాస్త్ర తరగతిలో 60 కాగితాలు వచ్చాయనుకోండి. 25 మంది, "ప్రామాణిక విచలనం సూత్రం తెలుసు, కానీ తేడాలను ఎందుకు వర్గం చేస్తామో తెలియలేదు" అని రాశారు. మరికొందరు, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు, ఇంగ్లీషులో వేగం అందుకోలేకపోతున్నామన్నారు. మరుసటి రోజు అధ్యాపకుడు మొదటి పది నిమిషాలు ఆ సందేహానికి కేటాయించవచ్చు. పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ బోర్డుపై రాయవచ్చు. సెమిస్టర్ చివరి ఫారం మీ తర్వాతి బ్యాచ్‌కు ఉపయోగపడుతుంది. ఐదో వారంలో రాసిన కాగితం మీకే ఉపయోగపడుతుంది.

కొన్ని సమస్యలు ఒక్క అధ్యాపకుడి చేతిలో ఉండవు. రెండు ల్యాబ్ రికార్డులు ఒకే వారంలో ఇవ్వవలసి రావడం, గ్రంథాలయంలో పాఠ్యపుస్తకం ప్రతులు చాలకపోవడం వంటివి విభాగం సమావేశంలో చర్చించాలి. ఏం మార్చారో, ఏది మార్చలేకపోయారో, ఎందుకో విద్యార్థులకు తిరిగి చెప్పాలి. జవాబు రాని చోట మరుసటి ఏడాది ఎవరూ మనసుపెట్టి రాయరు.

చేతిరాత గుర్తుపడితే ఇంటర్నల్ మార్కులు తగ్గుతాయేమోనన్న భయం మీకు ఉండవచ్చు. దాన్ని తొలగించే బాధ్యత విభాగానిదే. కాగితాలను వేరొకరు చదివి, సారాంశం మాత్రమే అధ్యాపకునికి అందించవచ్చు.

ఇక మీ బాధ్యత. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆన్‌లైన్ తరగతిలో బోధకులు పురుషుని పేరుతో కనిపించినప్పుడు విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారు. స్త్రీ పేరుతో కనిపిస్తే అదే బోధకులకు తక్కువ వేశారు. అందుచేత వ్యక్తి గురించి కాక బోధన గురించి రాయండి. "బోర్ కొట్టింది" అంటే అధ్యాపకుడు చేయగలిగింది ఏమీ లేదు. "మూడో యూనిట్‌లో సూత్రం తర్వాత ఉదాహరణ లేదు" అని రాస్తే రేపే ఒక ఉదాహరణ చెప్పగలరు.

మీ అధ్యాపకులు ఇలాంటి కాగితం ఇంతవరకు అడగకపోతే, తరగతి ప్రతినిధి ద్వారా మీరే మర్యాదగా అడగండి. ఈ వారం మీకు అర్థం కాని ఒక్క విషయంతో మొదలుపెట్టండి. సెలవు.