ఎదురుచూపులో దొరికే బలం

ఈ ఎపిసోడ్‌లో యెషయా గ్రంథం 40వ అధ్యాయం 31వ వచనం గురించి మాట్లాడుకుందాం.

బీటెక్ అయ్యాక నేను 14 నెలలు ఖాళీగా ఉన్నాను. "బాబూ, జాబ్ వచ్చిందా?" అని ఎవరైనా అడుగుతారేమోనని, చర్చిలో ఆఖరి ప్రార్థన అవ్వకముందే బయటికొచ్చేసేవాణ్ణి. ఒక దశలో ప్రార్థనే మానేశాను.

అప్పుడు ఈ వచనం మళ్లీ చదివాను. బబులోను చెరలో అలసిపోయిన ప్రజల కోసం చెప్పిన మాట ఇది. యెరూషలేము కూలింది క్రీ.పూ. 586లో. కోరెషు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో. మధ్యలో 47 ఏళ్లు! ఎదురుచూస్తూనే కన్నుమూసినవాళ్లు ఎంతమందో.

ఇక్కడ ఎదురుచూడటానికి హెబ్రీలో 'ఖవా' అనే మాట వాడారు. నిరీక్షణ అనే అర్థమున్న 'తిఖ్వా' దీని నుంచే వచ్చింది. యెహోషువ గ్రంథంలో రాహాబు కిటికీకి కట్టిన తొగరు దారాన్ని చెప్పేటప్పుడు కూడా 'తిఖ్వా' అనే ఉంది. అంటే ఎదురుచూడటమంటే ఆ తాడు వదలకుండా పట్టుకుని ఉండటమే.

ఇంకో సంగతి గమనించారా? ముందు ఎగరడం, తర్వాత పరుగెత్తడం, చివర్లో నడవడం. మనమైతే తిరగేసి రాస్తాం. నాకు రెక్కలేమీ రాలేదండీ. కానీ పొద్దున్నే లేచి, మోకరించి, ఇంకో అప్లికేషన్ పెట్టే బలం వచ్చింది. ఉద్యోగం కంటే ముందు అదే వచ్చింది.

మీ ఎదురుచూపు ఎన్నాళ్లదో నాకు తెలీదు. ఈరోజుకి ఒక్క అడుగు వేయండి, చాలు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.