పరుగెత్తే పిల్లలూ, మన అభిమానమూ

(స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



పిల్లల పోటీ ఏదైనా సరే, మైదానం అంచున నిలబడ్డామంటే మనకొక పక్షం ఏర్పడిపోతుంది. "అదిగో, మనమ్మాయి!" అని ఒకర్ని ఎంచుకుంటాం. ఆ పిల్ల ముందుంటే మన మొహం వెలుగుతుంది, వెనకబడితే మన కాళ్ళు లాగుతాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ అభిమానం ఎంతమందిదాకా వెళ్ళాలి, ఏ విధంగా ఉంటే పిల్లలకు మేలు చేస్తుంది అన్నది కాస్త ఆలోచించవలసిన విషయం. క్రాస్ కంట్రీ పరుగును ఉదాహరణగా తీసుకుని ఇవాళ ఆ ముచ్చట చెప్పుకుందాం.

క్రాస్ కంట్రీ అంటే సున్నంతో గీతలు గీసిన మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. గడ్డి, మట్టి, బురద, ఎత్తుపల్లాల మీదుగా పోయే పరుగు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు బడిపిల్లలు ఆడుకున్న ఆట దీనికి మూలం. ఒకరిద్దరు కాగితం ముక్కలు చల్లుకుంటూ కుందేళ్ళలా ముందు పరిగెడితే, మిగతావాళ్ళు ఆ జాడ పట్టుకుని వేటకుక్కల్లా వెంబడించేవారు. ఆ ఆటే పోటీ అయింది. 1973 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అమెరికాలో ఉన్నత పాఠశాలల పిల్లలకు 1979లోనే దేశస్థాయి పోటీ మొదలైంది. అక్కడ పందెం ఇంకా వారాల దూరంలో ఉండగానే, ఏ బిడ్డ గెలుస్తుందోనని పెద్దవాళ్ళు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. మన దేశపు జాతీయ పోటీలలోనూ పిల్లలకు విభాగాలున్నాయి. పదహారేళ్ళ లోపువారికి 2 కిలోమీటర్లు. పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిలకు 4, అబ్బాయిలకు 6.

ఇక ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్నకు వద్దాం. యానాం తల్లులకు ఈ విషయంలో ఒక చిత్రమైన చిక్కుంది. గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం అది. 1954లో ఫ్రెంచివారి పాలన పోయింది. 1962లో విలీనం లాంఛనంగా పూర్తయింది. మాట తెలుగు, వంట గోదావరి వంట, ఏలుబడి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన ఉన్న పుదుచ్చేరిది. అందుచేత యానాం అమ్మాయి జాతీయ పోటీకి ఎంపికైతే పుదుచ్చేరి చొక్కా తొడుక్కుంటుంది. పక్కన కారైకాల్ నుంచి తమిళం మాట్లాడే పిల్ల, మాహే నుంచి మలయాళం మాట్లాడే పిల్ల ఉండవచ్చు. పక్కనే ఉన్న తాళ్ళరేవులో పెరిగిన మేనమామ కూతురు ఎంపికైతే ఆంధ్రప్రదేశ్ చొక్కా తొడుక్కుంటుంది. ఇద్దరూ ఒకే గీత మీద నిలబడ్డారనుకోండి. అమ్మమ్మ ఎవరి పేరు పెట్టి కేకెయ్యాలి? మీసాల వెంకన్నకు ఎవరి తరఫున మొక్కుకోవాలి?

నవ్వుకోకండి. దీనికి జవాబు ఆ పోటీ లెక్కలోనే ఉంది. క్రాస్ కంట్రీలో ఒంటరి గెలుపు ఒకటి, జట్టు గెలుపు మరొకటి. జట్టుకు మార్కులు వేసే తీరు చాలా సులువు. ఎన్నో స్థానంలో వస్తే అన్ని మార్కులు. మొత్తం ఎంత తక్కువైతే అంత గొప్ప. ప్రపంచ పోటీల్లో ఒక దేశం తరఫున పరిగెత్తిన ఆరుగురిలో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. అమెరికా బడుల్లోనైతే ఏడుగురిలో అయిదుగురివి.

ఒక లెక్క వేసి చూద్దాం. మన జట్టు పిల్లలు 1, 2, 31, 40 స్థానాల్లో వచ్చారు. మొత్తం 74. అవతలి జట్టు పిల్లలు 9, 11, 13, 15 స్థానాల్లో వచ్చారు. మొత్తం 48. వాళ్ళలో ఒక్కరికీ పతకం రాలేదు. కానీ జట్టు బహుమతి వాళ్ళదే! మొదటి ఇద్దరూ మనవాళ్ళే అయినా మనం ఓడిపోయాం. ఎందుకూ అంటే మన మూడో పిల్లా, నాలుగో పిల్లా ఎక్కడో వెనక ఒంటరిగా పరిగెడుతుంటే వాళ్ళ పేరు పెట్టి పిలిచిన నాథుడు లేడు. మొదటి అమ్మాయి ఇంకెంత కష్టపడ్డా ఒకటో స్థానం కంటే ముందుకు పోలేదు. నలభయ్యో స్థానంలో ఉన్న పిల్ల అవతలి జట్లవాళ్ళను పదిమందిని దాటితే జట్టుకు ఏకంగా పది మార్కులు కలిసొస్తాయి.

కనుక యానాం తల్లికి ఆ మాహే పిల్ల పరాయిది కాదు. ఆ పిల్ల స్థానం కూడా తన కూతురి మొత్తంలోకే వచ్చి చేరుతుంది. ఇక తాళ్ళరేవు పిల్ల అంటారా, తను ఎలాగూ మన రక్తమే. మన పిల్ల ముందు రావాలని కోరుకుందాం. ఆ పిల్ల కాలు మెలిక పడాలని మాత్రం కోరుకోవద్దు. సంక్రాంతి పందేల బరి దగ్గర డబ్బు కాసినవాడికి అవతలి పుంజు పడితేనే ఆనందం. మనం కాసింది డబ్బు కాదు, మనసు. ఎంతమంది మీద కాసినా తరిగిపోదు.

ఈ పరుగు చూసే పద్ధతి కూడా వేరు. మైదానంలోలా ఒకచోట కూర్చుంటే మొత్తం కనపడదు. పిల్లలు చెట్ల వెనక్కి, గట్టు అవతలకి వెళ్ళిపోతారు. మన ముందునుంచి రెండు మూడుసార్లు పోతారంతే. కాబట్టి కేక కూడా పనికొచ్చే కేకై ఉండాలి. ఊరికే "పరిగెత్తు, పరిగెత్తు" అంటే ఆ పిల్ల చేస్తున్నది అదే కదా! పేరు పెట్టి పిలవండి. "ఎర్ర చొక్కా పిల్ల పది అడుగుల్లో ఉంది, అందుకో" అనండి. అంతేగాని పక్కన పరిగెడుతూ దారి చూపకండి, దొంగచాటుగా నీళ్ళసీసా అందించకండి. అది బయటి సాయం కిందికి వస్తుంది, బిడ్డను పోటీ నుంచి తప్పించే ప్రమాదం ఉంది.

అసలైన అభిమానం చూపవలసింది మాత్రం మైదానం దగ్గర కాదమ్మా, ఇంటి దగ్గర. ఆరో తరగతిలో గోదావరి గట్టెక్కి దిగుతూ లేడిపిల్లలా పరిగెత్తిన ఆడపిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కనబడదు. "ఈడొచ్చిన పిల్ల, నలుగురూ ఏమనుకుంటారు" అన్న ఒక్క మాటతో ఆ కాళ్ళు ఆగిపోతాయి. ఈ మాట మన ఊళ్ళకే పరిమితం కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు మొదటిసారి 800 మీటర్లు పరిగెత్తారు. చివర అలసి కూర్చున్నవారిని చూసి పెద్దమనుషులు గగ్గోలు పెట్టి ఆ పందెమే తీసేశారు. అది తిరిగి వచ్చేసరికి 1960 అయింది. అలసట మగవాళ్ళకు లేదా? 1924లో పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో ఎండకు తాళలేక, బయలుదేరిన 38 మంది మగవారిలో 15 మందే గమ్యం చేరారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఈ పరుగు పెట్టనే లేదు. అంతమాత్రాన మగవాళ్ళకు పరుగు తగదని ఎవరూ అనలేదు. ప్రపంచ క్రాస్ కంట్రీలో పెద్ద విభాగపు స్త్రీలకూ పురుషులకూ సమానంగా 10 కిలోమీటర్లు పెట్టడం 2017లో మాత్రమే కుదిరింది.

మన గోదావరి జిల్లాల సంగతే చూడండి. మార్టేరు అమ్మాయి సత్తి గీత 2006 దోహా ఆసియా క్రీడల్లో నాలుగు వందల మీటర్ల రిలేలో బంగారు పతకం తెచ్చిన నలుగురిలో ఒకరు. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే రిలే పరిగెత్తింది. వీళ్ళది మైదానం పరుగు, నిజమే. కానీ ఆ పొలాల మధ్య ఊళ్ళలో పుట్టిన ఆడపిల్లల కాళ్ళలో ఏముందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఇంట్లో మీరు చెయ్యగలిగిన సాయం కొంచెమే, కానీ ఆ కొంచెమూ చాలా అవసరం. పరుగుకు రెండు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలో, కాస్త అన్నమో పెట్టండి. కడుపునిండా పెట్టి పంపకండి, ఖాళీ కడుపుతోనూ పంపకండి. డెల్టాలో ఉక్క ఎక్కువ కాబట్టి సాధన తెల్లవారుజామునో, పొద్దు వాలాకో ఉండాలి. రాగి జావ, ఆకుకూర, పప్పు, గుడ్డు అలవాటు చెయ్యండి. ఎదిగే ఆడపిల్లకు రక్తం తక్కువైతే మొదట తెలిసేది ఆయాసంలోనే. "సన్నగా ఉంటే వేగంగా పరిగెడుతుంది" అని తిండి తగ్గించడం మహా ప్రమాదం. తిండి చాలక నెలసరి ఆగిపోతే ఎముకలు బలహీనపడతాయి. అది దాచుకునే విషయం కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక పోటీ అయ్యాక. "ఎన్నోదానివి వచ్చావు?" అని గుమ్మంలోనే అడగకండి. ముందు మంచినీళ్ళివ్వండి. బూట్లకంటిన బురద దులుపుకోనివ్వండి. తర్వాత "ఎక్కడ కష్టమనిపించింది, ఎవర్ని దాటావు?" అని అడగండి. నలభయ్యో స్థానంలో వచ్చిన పిల్ల కూడా గంటసేపు చెబుతుంది. అలా చెప్పుకునేందుకు ఇంట్లో ఒక మనిషి ఉన్న పిల్ల మర్నాడు అలారం మోగకముందే లేస్తుంది.

ఈసారి మీ పిల్లల బడిలో పరుగు పోటీ జరిగితే తప్పకుండా వెళ్ళండి. మీ అమ్మాయి దాటిపోగానే గొడుగు ముడిచి ఇంటిదారి పట్టకండి. వెనక వస్తున్న ఆ చివరి పిల్ల పేరేమిటో పక్కవాళ్ళని అడిగి తెలుసుకుని, ఆ పేరుతోనే గట్టిగా పిలవండి.