నోటిమాటకు కరెంటు నంబరు లేదు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కరువు భత్యం బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ లెక్కలు నాకంటే బాగా చెప్పేవారు ముందు వరుసలోనే ఉన్నారు. వారి అనుమతితో నేను ఒక చిన్నపిల్ల స్కూలు సీటు సంగతి చెబుతాను. మనకెందుకులే అనుకోకండి. కొడుకులూ కోడళ్లూ ఉద్యోగాలకు పోతే మనవల అడ్మిషన్ల కోసం స్కూలు గుమ్మంలో నిలబడేది మనమే గదా.

2018 జూన్ నెలాఖరున మా ఇంటికి ఒకావిడ వచ్చారు. ఆమె భర్త మా సెక్షన్లో అటెండరు, సర్వీసులో ఉండగానే పోయాడు. వెంట పదకొండేళ్ల మనవరాలు. ఆ పిల్ల ఐదో తరగతి వరకు ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది. తండ్రికి పని పోయి ఫీజు బాకీ పడ్డాడు. బాకీ కడితేనే టి.సి. అన్నారు అక్కడ. టి.సి. తెస్తేనే ఆరో తరగతిలో సీటు అన్నారు ప్రభుత్వ హైస్కూల్లో. ఈ రెండింటి మధ్య ఆవిడ మూడు వారాలుగా తిరుగుతున్నారు.

“అన్నయ్యగారూ, పిల్ల ఇంట్లో కూర్చుని తమ్ముణ్ణి ఎత్తుకుంటోంది. ఈ ఏడాది పోతే మళ్లీ బడి మొహం చూడదు” అన్నారు.

“చేర్చుకోమని కాగితం ఏమైనా ఇచ్చారా అమ్మా?” అని అడిగాను.

“కాగితం ఎందుకిస్తారండీ? నోటితోనే చెప్పారు.”

మిత్రులారా, ఆ మాటకు నేను తలవంచుకున్నాను. ఎందుకో మీకు తెలుసు. గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేనూ అదే పని చేశాను. అర్జీ తీసుకుంటే తపాలులో పడుతుంది, కరెంటు నంబరు వస్తుంది, పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది, నెలాఖరుకు పెండింగు లిస్టులో కనపడుతుంది. అదే “ఫలానా సర్టిఫికెట్ తెచ్చుకోవయ్యా” అని గుమ్మంలోనే తిప్పి పంపితే ఏ రిజిస్టరులోనూ జాడ ఉండదు. అలా ఎంతమందిని పంపానో ఇప్పుడు లెక్క చెప్పలేను.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఎ అధికరణం వచ్చింది. దాని ప్రకారం చేసిన విద్యాహక్కు చట్టం, 2009, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పిల్ల ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారదలిస్తే పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలని, టి.సి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపరాదని 5వ సెక్షను చెబుతోంది. వయసు రుజువు లేదని తిప్పి పంపరాదని 14వ సెక్షను. ఇక చిన్నపిల్లలకు పరీక్ష పెట్టి, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ చేసి సీటు లేదనడం 13వ సెక్షను ప్రకారం నేరం. మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. ఫీజు బాకీ అంటారా, అది ఆ స్కూలూ తండ్రీ తేల్చుకోవలసిన వ్యవహారం. పిల్లను తాకట్టు పెట్టుకోవడానికి లేదు.

ఆ రాత్రి అర్జీ రాశాను. మొదటి చిత్తు రెండు పేజీలు వచ్చింది. సెక్షన్లన్నీ దట్టించి, ఆవిడకు జరిగిన అవమానం కూడా రాశాను. పొద్దున్నే చదువుకుంటే అందులో పిల్లకంటే నేనే ఎక్కువ కనపడ్డాను. చింపేసి నాలుగు వాక్యాలు రాశాను: పిల్ల పేరు, వయసు, చదివిన తరగతి, ఏయే తేదీల్లో వచ్చి అడిగాం, టి.సి. కారణంగా చేర్చుకోలేదు; 5వ సెక్షను ప్రకారం చేర్చుకోగోరుతున్నాం, కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇప్పించగోరుతున్నాం.

ఆఖరి వాక్యమే ముఖ్యం. నోటితో “కాదు” అనడం సులువు. అదే మాట రాసి కింద సంతకం పెట్టమంటే ఎవరైనా ఒకసారి రూలు పుస్తకం తిరగేస్తారు.

హైస్కూల్లో నకలు మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. రిజిస్టరు పోస్టులో పంపాం. (2025లో అది స్పీడు పోస్టులో కలిసిపోయింది. చేరిన రుజువు మాత్రం అడిగి తీసుకోండి.) ఒక ప్రతి మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇచ్చి, తేదీ ముద్ర వేయించుకున్నాం. 32వ సెక్షను ప్రకారం స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాల వాదన విని మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు. అప్పీలుకు పోవాలంటే కింద మనం ఇచ్చిన కాగితం, దాని మీద తేదీ ఉండాలి గదా.

మాకు అంతవరకు పోవలసిన అవసరం రాలేదు. తొమ్మిదో రోజున హెడ్మాస్టరు గారే కబురు చేశారు. ఆయన చెడ్డవారు కాదు. “ఆడిట్లో అడిగితే ఏం చూపించనండీ?” అన్నారు. మీ అర్జీయే చూపిస్తానని దాన్ని అడ్మిషను ఫారానికి గుచ్చి పెట్టుకున్నారు. మా శాఖలో పనిచేసినవారిలాగే అనిపించారు నాకు. టి.సి. సెప్టెంబరులో వచ్చింది. బాకీని తండ్రి తరువాత వాయిదాల మీద తీర్చాడు. ఆ అమ్మాయి 2023లో పదో తరగతి ప్యాసయింది. మిఠాయి పొట్లంతో వచ్చి, “తాతగారూ, ఈ మార్కుల మెమో జిరాక్సు మీ దగ్గర ఒకటి ఉంచండి” అని ఇచ్చి వెళ్లింది.

1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కాబట్టే ఈరోజు మనం దండలు వేసుకుంటున్నాం. ఆ కేసు కూడా ఎవరో ఒకరు అర్జీ రాయబట్టే మొదలైంది.

మంగళ, శుక్రవారాల్లో ఉదయం పది నుంచి సంఘం ఆఫీసులో ఉంటాను. మీ మనవలే కానక్కరలేదు, ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలైనా సరే. వచ్చేటప్పుడు ఏయే తేదీన ఏ స్కూలుకు వెళ్లారో, ఎవరు ఏమన్నారో ఒక చీటీ మీద రాసుకు రండి. తెల్ల కాగితాలు, కార్బను పేపర్లు నా దగ్గర ఉన్నాయి.

సెలవు.