కాబూల్‌పై మన మౌనం

1979 డిసెంబరు చివర్లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో దిగినప్పుడు మన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. అంతకు రెండేళ్ల ముందు ఆయనను లోక్‌సభకు పంపింది నంద్యాల. సేనలు దిగిన మరుసటి నెలలోనే విదేశాంగ మంత్రి అయిన పి.వి. నరసింహారావును 1991లో ప్రధాని హోదాలో గెలిపించిందీ నంద్యాలే. ఆళ్లగడ్డ గంగుల కుటుంబానికి చెందిన ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఆయనకు ఆ స్థానం వదిలారు. కాబట్టి కాబూల్ ఈ నేలకు పరాయి విషయమేమీ కాదు. మాస్కో స్నేహం మనకు ఎంతో మేలు చేసింది. కానీ అఫ్గానిస్తాన్‌లో మన పలుకుబడిని రష్యా పలుకుబడికి ముడివేసి చాలా నష్టపోయాం.

1980 జనవరిలో సేనలు వెనక్కి వెళ్లాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 104 దేశాలు అవునన్నాయి, 18 కాదన్నాయి. ఓటు వేయని 18 దేశాల్లో మనం ఉన్నాం. అఫ్గాన్ ప్రభుత్వం పిలిస్తేనే సేనలు వచ్చాయన్న మాస్కో మాటను మన ప్రతినిధి ఆ సభలోనే వినిపించారు. ఆ ప్రసంగం పి.వి. మంత్రి కాకముందుది. అయినా దాని బరువు 1984 దాకా ఆయనే మోయాల్సి వచ్చింది. గత్యంతరం ఏముంది అని అడగవచ్చు. అప్పట్లో మన ఆయుధాల్లో సింహభాగం సోవియట్‌వి, అవతల అమెరికా పాకిస్తాన్‌కు ఎఫ్-16లు ఇస్తోంది, సేనలు వెళ్లిపోవాలని ఢిల్లీ లోపాయికారీగా చెబుతూనే ఉంది. ఇవన్నీ నిజాలే. అయితే నాలుగు గోడల మధ్య అన్న మాట అఫ్గాన్ పల్లెకు వినపడదు. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేన వెళ్లిపోయింది. 1992 ఏప్రిల్‌లో మాస్కో అండతో ఏలిన అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా పదవి పోయి, మన దేశానికి రాబోతుంటే కాబూల్ విమానాశ్రయం దగ్గరే ఆపేశారు. ఆయనతోపాటే అక్కడ మన పట్టూ సడలింది.

నంద్యాల పి.వి.ని గెలిపించిన కొద్ది వారాలకే, 1991 డిసెంబరు 25న, క్రెమ్లిన్ మీద సోవియట్ జెండా దిగింది. 1993 జనవరిలో యెల్త్సిన్ ఢిల్లీకి వచ్చి కొత్త ఒప్పందం మీద సంతకం చేశారు. ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకోవాలన్న 1971 నాటి భారత-సోవియట్ ఒప్పందపు భద్రతా హామీ అందులో లేదు. జులైలో రష్యా అమెరికా ఒత్తిడికి తలొగ్గి రాకెట్ల క్రయోజనిక్ ఇంజిన్ పరిజ్ఞానం ఇవ్వలేమంది. ఈ రెంటికీ మధ్య, మేలో, పి.వి. నేరుగా ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ వెళ్లారు. నా దృష్టిలో ఆయన విదేశాంగ నీతిలో అతి ముఖ్యమైన అడుగు ఇదే. 1996 తర్వాత తాలిబాన్‌తో పోరాడిన అహ్మద్ షా మసూద్ పక్షానికి సాయపడటంలో రష్యా మనకు తోడుగా నిలిచింది కదా అనేవారున్నారు. నిలిచింది. కానీ అప్పటికి ఇరాన్‌తో, తజికిస్తాన్‌తో మనం సొంతంగా మాట్లాడుకుంటున్నాం. 2025 జులైలో తాలిబాన్ ప్రభుత్వాన్ని అందరికన్నా ముందు గుర్తించింది రష్యా. అక్టోబరులో మనం కాబూల్‌లో రాయబార కార్యాలయం మళ్లీ నడుపుతామన్నామే గానీ గుర్తింపు మాత్రం ఇవ్వలేదు.