శాలువా కప్పిన తర్వాత

(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన హోటల్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1980 నుండి ఏటా సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినోత్సవం జరుగుతున్నది. ఈ సందర్భంగా అతిథి సేవలో ఉన్నవారిని మనమూ సన్మానించుకున్నాం. మంచిదే. వంటగది దాటి బయటికి రాని మనిషిని ఒక్క పూటైనా నలుగురిలో గౌరవించుకోగలిగాం. అయితే శాలువా కప్పిన మరునాడు ఆ మనిషికి ఏమి మిగులుతున్నదన్నదే నేను చెప్పదలచిన మాట.

2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. ఆ కీర్తి వెనుక ఉన్నదెవరు? రంజాన్ మాసంలో ఉపవాసం పాటిస్తూనే భట్టీ సెగ ముందు నిలబడి, గంటల తరబడి గోధుమను, మాంసాన్ని కర్రలతో మెదిపే కార్మికుడు. వంటకానికి ధ్రువపత్రం ఉన్నది. వండిన చాలామందికి నియామక పత్రం లేదు.

మా పెద్దన్న పదహారేళ్లు ఒక హోటల్లో తందూరు వద్ద రొట్టెలు కాల్చారు. ఒకనాడు చేయి మోచేతి దాకా కాలింది. ఆసుపత్రిలో ఈఎస్ఐ కార్డు అడిగితే లేదని చెప్పవలసి వచ్చింది. యజమాని జాలిపడి కొంత సొమ్ము ఇచ్చారు. ఆ మేలు మరువలేదు. కానీ రెండు నెలల తర్వాత తిరిగి వెళ్లేసరికి తందూరు వద్ద మరొకరు ఉన్నారు. పదహారేళ్ల సేవకు సాక్ష్యంగా ఇంట్లో ఒక్క కాగితం కూడా లేదు. ఆయనకు దయ లభించింది, హక్కు లభించలేదు.

హక్కులు చట్టంలో లేకపోలేదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పరిమితి విధించింది. అంతకు మించిన పనికి రెట్టింపు వేతనం చెల్లించాలన్నది. 1991లో అంతర్జాతీయ కార్మిక సంస్థ హోటళ్లు, రెస్టారెంట్ల కార్మికుల కోసం ప్రత్యేకంగా 172వ ఒడంబడికను ఆమోదించింది. టిప్పులతో నిమిత్తం లేకుండా మూలవేతనం క్రమం తప్పక ఇవ్వాలని, సెలవు దినాన పనిచేయిస్తే తగిన పరిహారం చెల్లించాలని అందులో ఉన్నది. భారతదేశం దానిని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ధ్రువీకరించాలని మనం కోరాలి.

అయితే సోదరులారా, వేలు ప్రభుత్వం వైపే చూపి ఊరుకోలేం. ముస్లింలలో క్రమబద్ధమైన జీతపు ఉద్యోగాలు తక్కువని, స్వయం ఉపాధిపై ఆధారపడేవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ నివేదికను ప్రతి సభలో ప్రస్తావిస్తాం. మరి మన హోటళ్లలో, మన చేతిలో ఉన్న ఉద్యోగాలనైనా క్రమబద్ధం చేశామా? యజమానీ మనవాడే, కార్మికుడూ మనవాడే అయిన చోట కూడా హాజరు పట్టీ లేకపోతే, రాజ్యం మన హక్కులను విస్మరించిందని ఏ నోటితో అడుగుతాం?

యజమాన సోదరుల ఇబ్బందులు నాకు తెలుసు. అద్దెలు, సరుకుల ధరలు పెరిగాయి. చిన్న హోటళ్లకు లాభం అంతంతమాత్రమే. అయినా నియామక పత్రానికి పెద్ద ఖర్చు కాదు. వారానికొక సెలవు, హాజరు పట్టీ, అర్హులందరికీ ఈఎస్ఐ నమోదు, ఈద్ నాడు పనిచేసిన వారికి అదనపు వేతనం: ఈ నాలుగూ భరించలేనివి కావు. కార్మిక సోదరులు కూడా మొహమాటం విడిచి, మర్యాదగా, కలసికట్టుగా అడగాలి. అడగడం కృతఘ్నత కాదు.

వచ్చే సెప్టెంబరు 27న మళ్లీ కలుద్దాం. ఆనాడు శాలువాలు లేకపోయినా ఫరవాలేదు. ప్రతి ఒక్కరూ తమ నియామక పత్రం జేబులో పెట్టుకొని రావాలి. మా పెద్దన్నకు దక్కనిది మీకు దక్కాలని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.